కంచం వేరు చెయ్యకండి, పరీక్ష అడగండి

ఉద్దానంలో పుట్టినవాళ్లకి జబ్బంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస - ఏ మండలానికెళ్లినా కిడ్నీలు పోయి డయాలసిస్ కోసం బస్సెక్కే మనిషి కనిపిస్తాడు. మన నీళ్లు పట్టుకెళ్లారు, మన రక్తం పట్టుకెళ్లారు, మన మట్టి పట్టుకెళ్లారు. దేశంలోంచీ విదేశాల్లోంచీ పరిశోధకులు వచ్చారు, పోయారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. ఇంత జరిగినా ఈ జబ్బు ఫలానా కారణం వల్లే వస్తోందని ఈ రోజుకీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు.

కారణం తెలీని జబ్బుతో మనిషి పోతే అది దుఃఖం. కారణం తెలిసి, పరీక్ష ఉండి, మందు ఉండి, ఆ మందు ఉచితమై కూడా మనిషి పోతే దాన్నేమనాలి? అన్యాయం అనాలి. ఆ జబ్బు పేరు టీబీ. పెద్దవాళ్లు క్షయ అంటారు. మన పేటల్లో దాని పేరు ఎత్తకుండా "ఆ దగ్గు" అంటారు.

మా చుట్టుపక్కల పేటలో జరిగిన సంగతి ఒకటి చెప్తాం. ఊరి పేరూ మనిషి పేరూ రాయం. రాస్తే ఆమెకి కష్టం. ఆమె జీడిపిక్కల పనికి వెళ్లే మనిషి. పప్పు మీద పొట్టు తీస్తే కిలో లెక్కన కూలి. దగ్గు పట్టుకుంది. మొదట సిరప్పు సీసా. తరవాత సూది. తరవాత సెలైను. నాలుగు నెలలు గడిచాయి. వేలు ఖర్చయ్యాయి, పుస్తెలు తాకట్టుకెళ్లాయి. మనిషి సగమైపోయింది. ఈ నాలుగు నెలల్లో ఒక్కరు, ఒక్కసారి, ఆమె కళ్లె పరీక్ష చేయించమని చెప్పలేదు. ఆమె కూతురు బడికి రావడం మానేస్తే మేము ఇంటికెళ్లాం. అప్పుడు చూశాం. ఆమె పశువుల సాలలో పడుకుని ఉంది. పక్కన ఒక సత్తు కంచం, ఒక గ్లాసు. అవి ఇంట్లోకి రాకూడదు. 

"మాస్టారూ, నాకీ జబ్బని ఎవులికీ సెప్పకండి. పనికి రావద్దంతారు. గుంటకి రేపు పెళ్లవ్వదు" అంది. అత్త అందుకుని "ఏటి సేత్తాం బాబూ, పెద్దోల్లు ఏరేగా ఉంచమన్నారు" అంది.

ఆసుపత్రికి తీసుకెళితే అదే రోజు సాయంత్రానికి టీబీ అని తేలింది. ఆర్నెల్లు మందు మింగింది. ఇవాళ ఆమె మళ్లీ పనికెళ్తోంది. నాలుగు నెలలు తెలీని సంగతి ఒక్క పూటలో తెలిసింది. మరి ఆ నాలుగు నెలలు ఎక్కడికి పోయాయి? ఆలోచించాల్సింది అదీ.

యంత్రం మారింది

టీబీ క్రిమిని కనిపెట్టానని జర్మనీలో రాబర్ట్ కోచ్ అనే డాక్టరు ప్రకటించింది 1882 మార్చి 24న. ఆ తరవాత నూరేళ్లకి పైగా పేదవాడికి దొరికిన పరీక్ష ఒక్కటే - కళ్లెని గాజుపలక మీద రాసి మైక్రోస్కోపులో చూడ్డం. ఒక మిల్లీలీటరు కళ్లెలో వేలకొద్దీ క్రిములుంటే గాని అందులో కనిపించవు. అందుకే రోగం ఉన్నవాళ్లలో సుమారు సగం మందిని ఆ పరీక్ష వదిలేసేది. "నీకేమీ లేదు పో" అనిపించుకుని ఇంటికొచ్చి చచ్చిపోయినవాళ్లు ఎంతమందో!

ఇప్పుడు క్రిమిలోని జన్యువుని వెతికి పట్టుకునే యంత్రాలు వచ్చాయి. ఒకదాని పేరు సీబీనాట్. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదం ఇచ్చింది. రెండోది ట్రూనాట్. ఇది గోవాలో మనవాళ్లు తయారుచేసింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు పోయినా ఆగదు. మిల్లీలీటరుకి వందల్లో క్రిములున్నా పట్టేస్తుంది. గంటా రెండు గంటల్లో రోగం ఉందో లేదో చెప్తుంది. అంతేకాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా ఈ యంత్రాలతో తేలుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్రంలో ఈ ట్రూనాట్ యంత్రాలతోనే ఎన్నో పరీక్షలు చేశారు. అంటే ఊరి పెద్దలకి ప్రాణభయం పట్టుకుంటే యంత్రం ఎంత దూరమైనా నడిచొస్తుంది. మన దగ్గుకి మాత్రం సిరప్పు సీసా!

మందు మారింది

మామూలు టీబీకి ఆర్నెల్ల మందు. వెనక వారానికి మూడు రోజులు మింగించేవారు, 2017 నుంచి రోజూ మింగే పద్ధతి వచ్చింది. అసలు పెద్ద మార్పు మొండి టీబీలో వచ్చింది. మామూలు మందులకి లొంగని టీబీ అది. దానికి వెనక ఏడాదిన్నర, రెండేళ్లు మందులు. నెలల తరబడి సూదులు. ఆ సూదులకి చెవులు పోయేవి, కిడ్నీలకీ దెబ్బ. ఉద్దానం మనిషికి కిడ్నీ దెబ్బ అంటే ఏమిటో చెప్పాలా? ఇప్పుడు నాలుగు మాత్రల వైద్యం వచ్చింది - బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. సూది లేదు. ఆర్నెల్లు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది, 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్యశాఖ ఆమోదించింది.

ఈ మందు ఊరికే రాలేదు. బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి పేటెంటు ఉండేది. దాని గడువు అయిపోతుంటే ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోడానికి మందు రూపం మీద మరో పేటెంటు అడిగింది. ముంబయి అమ్మాయి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా అమ్మాయి ఫుమేజా టిసిలే దానికి అడ్డం తిరిగారు. ఇద్దరూ టీబీతో పోరాడి బతికినవాళ్లు. ఇద్దరికీ ఆ పాత సూదుల వల్లే చెవులు పోయాయి. 2023 మార్చిలో భారత పేటెంటు కార్యాలయం కంపెనీ అర్జీని కొట్టేసింది. చెవులు వినిపించని ఇద్దరు ఆడపిల్లలు అంత పెద్ద కంపెనీకి గట్టిగా వినిపించారు. అడిగితేనే వస్తుందని మనం ఇంతకాలం చెప్తున్నది ఇదే.

టీకా మాత్రం మారలేదు. బీసీజీ టీకా 1921 నాటిది. చంటిపిల్లలకి ముదురు టీబీ రాకుండా కాపాడుతుంది, పెద్దవాళ్లకి నమ్మకంగా పనిచెయ్యదు. కరోనా వచ్చిన ఏడాది లోపలే టీకా వచ్చింది. టీబీకి నూరేళ్లు దాటినా రెండో టీకా రాలేదు. ఎందుకు రాలేదు? కరోనా విమానం ఎక్కేవాణ్ణీ పట్టుకుంది. టీబీ ఎక్కువగా పట్టుకునేది ఇరుకు ఇంట్లో గంజి తాగేవాణ్ణి. శాస్త్రం గుడ్డిది కాదు. దానికి డబ్బు పెట్టేవాడు ఎటు చూడమంటే అటు చూస్తుంది.

మన చూపు మారలేదు

ఇక్కడ మనల్ని మనమే కొంచెం నిలదీసుకోవాలి. నిష్ఠూరమైనా తప్పదు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలాది మందితో వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. తరవాత అగ్రకులాల వాళ్లు ఆ చెరువు మైలపడిందని పేడా, పంచితం కుండలకొద్దీ పోసి శుద్ధి చేశారు. ఆ మాట వింటే ఇవాళ్టికీ మన రక్తం ఉడుకుతుంది. మరి మన పేటలో, మన ఇంట్లో, దగ్గుతున్న మనిషి కంచం వేరుగా పెడుతున్నామే, దాన్నేమంటాం? ఊరు మనల్ని వెలివేసింది. మనం మన రోగిని పశువుల సాలకి వెలివేస్తున్నాం. అంటరానితనం ఎంత చెడ్డదో పుట్టుకతో తెలిసిన మనం, దాన్ని మన ఇంటి చూరు కిందే పెంచుతున్నాం.

పోనీ ఆ కంచం వేరు చెయ్యడంలో వైద్యం ఏమైనా ఉందా? లేదు. టీబీ కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, బట్టల వల్ల రాదు, ముట్టుకుంటే రాదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు గాలిలో కలిసిన క్రిములు, మూసిన గదిలో ఎక్కువసేపు పీల్చితే వస్తుంది. కంచం కడిగి బోర్లించి, కిటికీ మూసి పడుకుంటే ఏం లాభం? వేరు చెయ్యాల్సింది కంచం కాదు, తెరవాల్సింది కిటికీ.

ఇది మా సొంత మాట కాదు. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. శానిటోరియంలో మంచి తిండి, మంచి పడక. ఇంట్లో ఇరుకు గది, చాలీచాలని కూడు. చివరికి చూస్తే రెండు చోట్లా దాదాపు ఒకేలా నయమైంది. ఏళ్ల తరబడి చూసినా, ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబంలోవాళ్లకి టీబీ అదనంగా రాలేదు. ఎందుకంటే సరైన మందు పడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ప్రమాదమంతా మందు మొదలవక ముందు కాలంలోనే. అంటే మన జీడిపిక్కల అక్క సిరప్పు తాగుతూ దాచుకున్న ఆ నాలుగు నెలల్లోనే!

అర్థమైందా సంగతి? కంచం వేరు చేస్తారని భయపడి మనిషి దాచుకుంటుంది. దాచుకుంటే పరీక్ష ఆలస్యం. పరీక్ష ఆలస్యమైతే ఇంట్లో పిల్లలకి అంటుతుంది. ఏ రోగం పిల్లలకి రాకూడదని కంచం వేరు చేశామో, ఆ వేరు చెయ్యడమే పిల్లల మీదికి తెస్తోంది.

కూడు కూడా మందే

మద్రాసు పరిశోధనలోంచి ప్రభుత్వాలు తమకి కావలసిన ముక్క ఏరుకున్నాయి. మందుంటే చాలు, తిండి అక్కర్లేదనుకున్నాయి. అరవై ఏళ్ల తరవాత జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగిన పరిశోధన ఆ తప్పు దిద్దింది. 2,800 మంది రోగులకీ, వాళ్ల ఇళ్లలోని 10,345 మందికీ సంబంధించింది అది. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులిచ్చారు. సగం ఇళ్లలో కుటుంబంలో తక్కినవాళ్లకీ తలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు చొప్పున ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటించే రకం టీబీ అయితే 48 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులూ బాగా తక్కువ. 2023లో లాన్సెట్ పత్రికల్లో ఈ ఫలితాలు వచ్చాయి.

బియ్యం, పప్పు! అంతరిక్షం నుంచి దిగిన మందు కాదు. మన తాతలు "కూడుంటే రోగమెక్కడిది" అన్నారు. ఇప్పుడు అది పెద్ద పత్రికలో అచ్చయింది. మన జనం చోడి అంబలితో, గంజితో పూట గడుపుతూ పప్పుల ఫ్యాక్టరీలో జీడిపప్పు వలుస్తారు. చేతిలో పప్పు, కడుపులో గంజి. టీబీ మన పేటలకి ఎందుకు దారి మర్చిపోదో ఇక్కడే ఉంది. అది మన పూర్వజన్మ పాపం కాదు, మన రక్తంలో లోపం కాదు. ఇరుకిల్లు, తక్కువ కూలి, చాలని కూడు - ఈ మూడూ కలిసి ఆ క్రిమికి వేసిన పీట.

ప్రభుత్వం 2018 నుంచి టీబీ రోగికి పోషణ కోసం నెలకి 500 రూపాయలిచ్చింది. 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. మంచిదే. కాని జార్ఖండ్ చెప్పింది రోగి ఒక్కడి సంగతి కాదు, ఇల్లు మొత్తం సంగతి. తల్లికి టీబీ వస్తే ఆ వెయ్యితో గుడ్డు కొని తల్లి తింటుందా, పిల్లలకి పెడుతుందా? ఏ తల్లిని అడిగినా చెప్తుంది. అందుకే ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇమ్మని మేము అడుగుతున్నాం.

బోర్డు ముఖ్యమా, మనిషి ముఖ్యమా

2025 కల్లా దేశంలో టీబీని అంతం చేస్తామన్నారు. 2025 వెళ్లిపోయింది, టీబీ వెళ్లలేదు. లక్ష మందికి 2015లో ఏడాదికి 237 కొత్త కేసులుండగా 2023కి 195కి తగ్గాయి. తగ్గిన మాట నిజమే, కాదనం. కాని ప్రపంచంలో టీబీ పడుతున్న ప్రతి నలుగురిలో సుమారు ఒకరు ఇప్పటికీ మన దేశం మనిషే.

2023 నుంచి "టీబీ లేని పంచాయితీ" అని సర్టిఫికెట్లు ఇస్తున్నారు. దానికి రెండు ముఖ్యమైన షరతులు - వెయ్యి మందికి ఒకటికి మించి కేసు ఉండకూడదు, ఏడాదికి వెయ్యి మందిలో కనీసం 30 మందికి పరీక్ష చెయ్యాలి. మొదటి షరతు పెద్దమనుషులకి ఇష్టం. రెండోది మనకి కావాలి. కేసులు లేవనిపించుకోడానికి సులువైన దారి వెతక్కపోవడమే గదా! కాబట్టి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ పంచాయితీకెళ్లి అడగండి - ఆ 30 పరీక్షల్లో మాల పేటలో ఎన్ని, మాదిగ పేటలో ఎన్ని, రెల్లి వీధిలో ఎన్ని, పైడి పేటలో ఎన్ని, బెస్తల వాడలో ఎన్ని? ఊళ్లో 30 చేసి పేటలో సున్నా చేస్తే ఆ బోర్డు మన శవాల మీద పాతిన బోర్డు.

మనం చెయ్యాల్సింది

దగ్గు రెండు వారాలు దాటిందా, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉన్నాయా - సిరప్పు కొనకండి. ప్రభుత్వ ఆసుపత్రికెళ్లి "కళ్లె పరీక్ష మిషను మీద చెయ్యండి" అని అడగండి. డబ్బు ఇవ్వక్కర్లేదు. దారి తెలీకపోతే 1800-11-6666కి ఫోను చెయ్యండి, అది ఉచితం.

ఇంట్లో ఒకరికి తేలితే తక్కిన అందరికీ పరీక్ష చేయించండి. ఒంట్లో క్రిమి నిద్రపోతూ ఉండొచ్చు. జబ్బు లేనివాళ్లకి అది లేవకుండా ముందస్తు మందు ఉంది. ఒకటి రోజూ చొప్పున ఆర్నెల్లు. కొత్తది వారానికొకసారి, 12 వారాలు. 2021 నాటి జాతీయ మార్గదర్శకాల్లో ఈ మందు ఇవ్వాల్సిన జాబితాలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. కిడ్నీ పోయినవాళ్లకి టీబీ వచ్చే అవకాశం తక్కినవాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. ఉద్దానంలో ప్రతి డయాలసిస్ గదిలోనూ ఈ మాట అడగాలి. టీబీ మందు మొదలుపెట్టేముందు కిడ్నీ జబ్బు ఉందని డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, దాన్నిబట్టి మోతాదు మారుస్తారు.

మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. భయపడి ఆపకండి, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికెళ్లండి. నెల తిరిగేసరికి బాగుందని మానెయ్యకండి, మానేస్తే మొండి టీబీ అవుతుంది. మద్రాసుకో, భువనేశ్వరుకో, గుజరాతుకో పనికెళ్తే మీ నిక్షయ్ నంబరు చీటీ దగ్గరుంచుకోండి. ఆ నంబరుతో ఎక్కడైనా మందు అందుతుంది.

జీడి ఫ్యాక్టరీల యజమానులకి ఒక మాట. మందు మింగుతున్న మనిషిని పనిలోంచి తీసెయ్యకండి. తీసేస్తే మరుసటి మనిషి జబ్బు దాచుకుని మీ షెడ్డులోనే దగ్గుతుంది. తలుపులు, కిటికీలు తెరిపించండి, గాలి ఆడనివ్వండి.

ఇంక మన ఇళ్లకి ఒక మాట. ఈ రాత్రికే ఆ కంచం లోపలికి తెచ్చి తక్కినవాటితో కలిపి కడగండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. కిటికీ తెరవండి. పక్కన కూచుని అన్నం తినండి. పొద్దున్నే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. యంత్రం రెండు గంటల్లో చెప్పడానికి తయారుగా ఉంది. అక్కడిదాకా మన మనిషిని నడిపించే పని మాత్రం ఏ యంత్రమూ చెయ్యదు, మనమే చెయ్యాలి.

జై భీం!